వంకాయలు కోయడానికి లెబనాన్ దాకా వెళ్ళాలా?

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర సెలవుల గురించి మాటొచ్చింది. మా టీములో ఒకతను తన యూరప్ ట్రిప్పు ఎక్సెల్ షీటు తీసి చూపించాడు. పది రోజులు, ఏడు దేశాలు. ఏ ఊళ్ళో ఎన్ని గంటలు, ఎక్కడ ఫోటో దిగాలి, ఎక్కడ ఇండియన్ రెస్టారెంటు ఉంది, అన్నీ గడులు గీసి రంగులేసి మరీ పెట్టాడు. మా రిలీజ్ ప్లాను కూడా ఇంత పకడ్బందీగా ఉండి చావదు :)

"మరి మీరెక్కడికెళ్ళారు బాస్?" అన్నాడు. "2019 సెప్టెంబరులో లెబనాన్ వెళ్ళాం. ఎనిమిది రోజులు. పొద్దున వంట నేర్చుకోవడం, మధ్యాహ్నం నుంచి పాత కట్టడాలు చూడటం" అన్నా. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. తర్వాత అందరూ ఒకేసారి నవ్వారు. "అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి వంకాయలు కోశారా?"

కోశాను మహాప్రభో. ఒకటీ రెండూ కాదు, బుట్టెడు కోశాను. అంతేకాదు, పాత దేశం ఏదైనా సరే, దాన్ని చూడటానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని ఇవాళ్టికీ నా గట్టి నమ్మకం. ఆ రోజు లంచ్ అయిపోయింది కాబట్టి చెప్పలేకపోయిన సంగతులు ఇక్కడ చెప్తున్నా.

నిజం చెప్పాలంటే ఇదేదో గొప్ప ఆలోచనతో మొదలు కాలేదు. మా ఆవిడకి వంటలు, నాకు రాళ్ళు. ఒకరి సెలవు ఇంకొకరికి శిక్ష కాకూడదని చేసుకున్న రాజీ ఇది. బేకా లోయలో జహ్లే దగ్గర ఒక ఊళ్ళో ఓ పెద్దావిడ తన ఇంట్లోనే ఉంచుకుని, వంట నేర్పి, మిగిలిన వేళల్లో కారు మాట్లాడి పెడుతుందని తెలిసి వెళ్ళాం. ఆవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం. వాళ్ళమ్మాయి పక్కన నిలబడి అనువాదం చేసేది.

మొదటి రోజు బాల్‌బెక్ వెళ్ళాం. జూపిటర్ గుడికి ఒకప్పుడు 54 స్తంభాలట, ఇప్పుడు నిలబడి ఉన్నవి 6. ఒక్కోటి సుమారు ఇరవై మీటర్లు, అంటే మన ఆరంతస్తుల అపార్ట్‌మెంటంత. పునాదిలో మూడు రాళ్ళున్నాయి, ఒక్కోటి దాదాపు 800 టన్నులు. ఊరి చివర క్వారీలో సగం చెక్కి వదిలేసిన రాయి ఇంకొకటుంది, అది సుమారు 1000 టన్నులు. పక్కనే బాకస్ గుడి, కట్టి పద్దెనిమిది వందల ఏళ్ళు దాటినా గోడలతో సహా నిలబడి ఉంది. నోరెళ్ళబెట్టి చూశా, వంద ఫోటోలు తీశా. సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆవిడ "ఏం చూశాం ఇవాళ?" అంటే "పెద్ద పెద్ద రాళ్ళు" అనడం తప్ప నాకింకేమీ తోచలేదు. అంకెలు గుర్తున్నాయి, అంతే. మనిషి జాడ లేదు.

మర్నాడు పొద్దున వంకాయలు. అక్కడ సెప్టెంబరంటే 'మూనే' కాలం. మూనే అంటే చలికాలానికి నిలవ చేసుకునే సరుకు. మన వేసవిలో ఆవకాయలు, వడియాలు, చల్ల మిరపకాయలు ఎలాగో అలా. వేలెడంత వంకాయలు ఉడకబెట్టి, నిలువునా కాటు పెట్టి, ఉప్పు రాసి, పైన బరువు పెట్టి నీళ్ళన్నీ ఓడిపోయేలా చేస్తారు. తర్వాత అక్రోటు పలుకులు, ఎర్ర మిరప, వెల్లుల్లి కూరి, జాడీలో పేర్చి, మునిగేలా ఆలివ్ నూనె పోస్తారు. దీని పేరు మక్‌దూస్. గుత్తివంకాయని ఊరగాయ పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మేడ మీద తెల్లటి గుడ్డ పరిచి కిష్క్ ఆరబోశారు. గోధుమల్ని ఉడికించి ఎండబెట్టి మరాడించిన రవ్వ ఉంటుంది, బుర్ఘుల్ అంటారు. దాన్ని పెరుగులో కలిపి, రోజూ పిసుకుతూ కొన్నాళ్ళు పులియబెట్టి, ఎండబెట్టి పొడి చేస్తారు. చలికాలంలో మంచు పడి దారులు మూసుకుపోతే ఆ పొడే నీళ్ళలో కలిపి కాచుకు తాగుతారు. "ఎప్పట్నుంచి చేస్తున్నారు ఇలాగ?" అంటే ఆవిడ మేడ మీంచి లోయ వైపు చెయ్యి చూపించింది. కనుచూపు మేర కోత అయిపోయిన గోధుమ చేలు. అప్పుడు వెలిగింది నాకు. నిన్న చూసిన ఆ గుడి ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంత రాయి మోయించాలంటే అంతమందికి తిండి పెట్టాలి. ఆ తిండి ఈ మట్టిలోంచే వచ్చింది. రోమన్లు పోయారు, బైజాంటియన్లు, అరబ్బులు, ఒట్టోమాన్లు, ఫ్రెంచివాళ్ళు వచ్చి పోయారు. గోధుమా, పెరుగూ, మేడ మీద తెల్ల గుడ్డా మాత్రం మిగిలాయి.

మూడో రోజు మళ్ళీ అదే బాల్‌బెక్ వెళ్దామని నేనే అడిగా. ఈసారి ఫోటోలు పది కూడా తీయలేదు, కానీ చూశా.

ఇలాంటివే ఇంకో రెండు. అంజర్ అనే చోట ఎనిమిదో శతాబ్దం మొదట్లో ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో కట్టిన ఊరి శిథిలాలున్నాయి. రెండు పెద్ద వీధులు సరిగ్గా మధ్యలో కలిసేలా గీత గీసినట్టు కట్టారు. అది చూసేసి కారెక్కితే సగం ఊరే చూసినట్టు. ఎందుకంటే పక్కనున్న ఇప్పటి అంజర్‌లో ఉండేది ఆర్మేనియన్లు. ముసాదాగ్ కొండ కింద తమ ఊళ్ళు టర్కీకి పోతే 1939లో కట్టుబట్టలతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. వాళ్ళ వంటలు వేరు, మసాలాలు వేరు. ఆ సంగతి మాకు భోజనం బల్ల దగ్గరే తెలిసింది.

రెండోది బేరూత్ మ్యూజియం. అక్కడ బిబ్లోస్ రాజు అహీరాం శవపేటిక ఉంది, దాదాపు మూడు వేల ఏళ్ళ నాటిది. దాని మీద ఫినీషియన్ అక్షరాలు. 22 అక్షరాల ఆ లిపి నుంచి అరమాయిక్, దాన్నుంచి మన బ్రాహ్మి వచ్చిందని చాలామంది పండితుల మాట (కాదనేవాళ్ళూ ఉన్నారు). అదే నిజమైతే నేనిప్పుడు టైపు చేస్తున్న ఈ 'అ'కి ముత్తాత ఆ రాతి మీద ఉన్నట్టు. ఇంకో విశేషం. 1975 నుంచి 1990 దాకా జరిగిన అంతర్యుద్ధంలో ఈ మ్యూజియం సరిగ్గా రెండు వర్గాల మధ్య గీత మీద చిక్కుకుపోయింది. అప్పటి అధిపతి మారిస్ షెహాబ్, మోయలేనంత బరువున్న విగ్రహాల్నీ పేటికల్నీ చుట్టూ కాంక్రీటు పోయించి దాచేశాడు. కోల్డ్ బ్యాకప్ అంటే అదీ!

సరే, ఇదంతా విని "బాగానే ఉంది గానీ, ఇది డబ్బున్నవాళ్ళు వంటింట్లో ఆడుకునే బొమ్మలాట కాదా?" అనొచ్చు మీరు. అందులో కొంత నిజముంది, దాచను. పొద్దున్నించీ మేం దంచి, నూరి, కూరి, చప్పట్లు కొట్టుకుంటుంటే గిన్నెలన్నీ కడిగింది ఒక ఇథియోపియా అమ్మాయి. నాలుగో రోజుకి గానీ మేం ఆమె పేరు అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది. అక్కడ ఇంటిపనికి వచ్చేవాళ్ళ వీసా యజమానికి ముడిపడి ఉంటుంది, కఫాలా అంటారు. మన కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళకి ఆ మాట కొత్త కాదు. కానీ చూడండి, హోటల్లో దిగి గుళ్ళు మాత్రమే చూసొచ్చి ఉంటే ఇది నాకు కనిపించేదే కాదు. గైడు చూపించేది ఆ ఇల్లు చూపించాలనుకున్న ముఖం. వంటిల్లు అలా కాదు. మంచీ చెడూ రెండూ అక్కడే ఉంటాయి, దాచడానికి చోటుండదు.

మేం తిరిగొచ్చిన కొన్ని వారాలకే, 2019 అక్టోబరు 17న, అక్కడ జనం వీధుల్లోకొచ్చారు. మేమున్నప్పుడే డాలర్లు దొరకడం కష్టంగా ఉందని అనుకుంటుండేవాళ్ళు. తర్వాత బ్యాంకులు డబ్బులు తీయనివ్వడం మానేశాయి. మేం వెళ్ళినప్పుడు డాలరుకి సుమారు 1,500 లీరాలు. 2023 మార్చిలో బయటి మార్కెట్లో అది లక్ష దాటింది. మధ్యలో 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి రెండు వందల మందికి పైగా పోయారు, పక్కనున్న ధాన్యం గాదెలు కూలాయి.

ఆ వార్త చూసి భయపడుతూ మెసేజ్ పెట్టాం. వాళ్ళమ్మాయి జవాబిచ్చింది. బేరూత్‌లో తన ఇంటి కిటికీలన్నీ పోయాయట, మనుషులు క్షేమం. వాళ్ళమ్మ జాడీలన్నీ కారులో వేసుకుని బేరూత్ వచ్చేసిందట. ఆవిడ అన్న మాట కూడా రాసింది: "బ్యాంకులో డబ్బుంది, తీసుకోలేను. కొట్టుగదిలో మక్‌దూస్ ఉంది, తీసుకోగలను."

మనం డిజాస్టర్ రికవరీ అని స్లైడ్లు వేస్తాం కదా. ఆవిడ దగ్గర ఉన్నది అది. స్లైడ్లు లేకుండా.

2024లో యుద్ధం మళ్ళీ ముంచుకొచ్చింది. బాల్‌బెక్ గుళ్ళ చుట్టుపక్కల కూడా బాంబులు పడ్డాయి. ఆ నవంబరులో యునెస్కో లెబనాన్‌లో 34 స్థలాలకి ప్రత్యేక రక్షణ ప్రకటించింది. మంచిదే. రాయికి రక్షణ ఉండాలి. కానీ నాకు మాత్రం ఆ వార్త చదువుతున్నంతసేపూ ఆ మేడ మీద తెల్ల గుడ్డే కళ్ళ ముందు కదిలింది. దానికి ఏ జాబితాలో చోటిస్తారు? (అన్నట్టు, జాతర్ పొడి చల్లి కాల్చే మనూషే రొట్టెకి 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చోటిచ్చారు. ఎంతో కొంత నయం.)

కాబట్టి అందరూ రేపే లెబనాన్ టికెట్లు కొనేయండి అనడం లేదు నేను. పరిస్థితి ఎలా ఉందో, మన విదేశాంగ శాఖ ఏమంటోందో చూసుకోకుండా అటు వెళ్ళకూడదు. నేననేది పద్ధతి గురించి. ఏడు దేశాలు కాదు, ఒకే చోటు. శిథిలం ఒకటి చూస్తే వంటిల్లు ఒకటి చూడాలి. ఇల్లు దొరక్కపోతే, ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చి వాళ్ళ ఊరి వంట వండి పెట్టే చోట్లుంటాయి. బేరూత్‌లో 2004లో సూక్ ఎల్ తయ్యెబ్ అనే రైతుబజారు, దాని వెనకే 2009లో తావ్‌లెట్ అనే భోజనశాల ఇలాగే మొదలయ్యాయి.

ఇంత చెప్పాక మనవైపు చూసుకుంటే సిగ్గేస్తుంది. ఓరుగల్లు వెళ్తాం, వెయ్యి స్తంభాల గుడి చూస్తాం, దారిలో ధాబా దగ్గరాగి ఫ్రైడ్ రైస్ తింటాం. నాగార్జునకొండకి లాంచీలో వెళ్ళొచ్చి బిర్యానీ. ఆ ఊళ్ళో ఓ ఇంట్లో జొన్నరొట్టె కొట్టడం నేర్పిస్తామంటే వెళ్ళేవాళ్ళెంతమంది? నేర్పిస్తామనేవాళ్ళు మాత్రం ఎంతమంది? అంతెందుకు, నలభై దాటేదాకా మా అమ్మ ఆవకాయ ఎలా పెడుతుందో నేనెప్పుడూ దగ్గరుండి చూడలేదు. పరాయి దేశంలో, పరాయి ఆవిడ పక్కన నిలబడి వంకాయకి ఎంత ఉప్పు అని నోట్సు రాసుకున్నా గానీ.

పోయిన మే నెలలో సెలవు పెట్టి ఊరెళ్ళా. ముక్కలు నేను కొట్టాను, ఆవపిండి నేను కలిపాను. "ఉప్పెంతమ్మా?" అంటే "చూస్తే తెలుస్తుందిరా" అంది. నాకు తెలియలేదు. గిన్నెతో కొలిచి రాసుకున్నాను. మొదటి జాడీలో ఉప్పెక్కువైంది, అయినా పారెయ్యలేదు, తింటున్నాం.

మా టీమువాడికి ఇదంతా చెప్పే ఓపిక లేక ఆ రోజు ఒక్క ముక్కే అన్నా: "నీ షీటులో ఇంకో గడి పెట్టుకో. ఎవరింట్లో తిన్నావు అని." నవ్వాడు గానీ, పెట్టుకున్నాడో లేదో తెలీదు. మళ్ళీ సోమవారం లంచ్‌లో అడగాలి.