మబ్బుకంటె ముందు చేరవలసిన వార్త

2024వ సంవత్సరము మే నెల 26వ తేది, ఆదివారము. రోహిణికార్తె యెండలకు మాడుచుండిన నాగర్‌కర్నూలు సీమపై ఆనాడు గాలివాన విరుచుకొనిపడినది. తాడూరు మండలమందలి ఇంద్రకల్లు గ్రామమున కట్టుచుండిన కోళ్లషెడ్డు కూలి నలుగురు ప్రాణములు గోల్పోయిరి. ఆ యొక్కనాటి గాలివానకు రాష్ట్రమున బలియైనవారు పదిమందికి మించిరి. అందు పెక్కురు ఆ జిల్లావారే. మరునాడు పత్రికలు వార్తలు ప్రకటించినవి, నాయకులు సంతాపము తెలిపిరి. మరల ఎండలు కాసినవి, జనులు మరచిరి.

గాలివానను ఆపుట మనుష్యుని తరము గాదు. కాని గోడప్రక్కనుండి లేచి యవతలికి పోవుటకు అరగంట వ్యవధి చాలును. ఆ యరగంటను పాలమూరు, నల్లగొండ సీమలలోని పల్లెజనులకు సంపాదించి యిచ్చుట నేటి శాస్త్రమునకు సాధ్యమా? సాధ్యమే యని మా విశ్వాసము. అట్లయిన ఆటంక మెచ్చట నున్నదో విచారింపవలసియున్నది.

ప్రభుత్వమువారు ఏమియు చేయలేదని మేమనము. 2024 సెప్టెంబరు 11వ తేదిన కేంద్ర మంత్రివర్గము ‘మిషన్ మౌసమ్’ అను పథకమునకు రెండేండ్లకుగాను 2,000 కోట్ల రూపాయల నంగీకరించినది. ఆ నెల 26వ తేదిన పూనాయందు ‘అర్క’, నోయిడాయందు ‘అరుణిక’ అను మహాగణన యంత్రములు ప్రారంభమైనవి. ఇంద్రకల్లు దుర్ఘటన జరిగిన సరిగా సంవత్సరమునకు, 2025 మే 26వ తేదిన, పూనాలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారు రూపొందించిన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ను జాతికి సమర్పించిరి. అంతకుముందు ఆకాశమును 12 కిలోమీటర్ల గడులుగా పంచి లెక్కించుచుండిన గణితము ఇప్పుడు 6 కిలోమీటర్ల గడులకు దిగినది. అనగా 144 చదరపు కిలోమీటర్ల నేలను ఒక్కటిగా జూచుచుండిన కన్ను ఇప్పుడు 36 చదరపు కిలోమీటర్లను వేరుచేసి చూడగలుగుచున్నది. ఇది సామాన్యమైన అభివృద్ధి కాదు. మన శాస్త్రజ్ఞులు అభినందనీయులు.

అయినను ఉరుముమబ్బు విస్తీర్ణము కొలది కిలోమీటర్లే. అది పుట్టి, పెరిగి, కురిసి, కరగుటకు గంటయో రెండు గంటలో పట్టును. అట్టి మబ్బు ఏ పల్లెమీద పడునో ముందునాడు గణితము చెప్పజాలదు. దానిని కనిపెట్టవలసినది హైదరాబాదునందలి డాప్లరు రాడారు. ఆ రాడారుకును ఒక హద్దు కలదు. భూమి గుండ్రముగా నుండుటచేత, దాని కిరణము దూరము పోయినకొలది నేలకు ఎత్తుగా పోవును. నూటడెబ్బది కిలోమీటర్ల దూరమున నున్న అలంపురముమీద గాని, కోదాడమీద గాని అది నేలకు సుమారు మూడు కిలోమీటర్ల పైననే పోవుచుండును. దానిక్రింద వీచు గాలి దానికి కానరాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు అలంపురము మునిగినది. 2024 సెప్టెంబరు ఆరంభమున కోదాడ మునిగినది. ఈ రెండు సీమలును ఆ కంటి యంచుననే యుండుట పాఠకులు గమనింతురు గాక.

రాడారు చూడలేని కొరతను తీర్పగలిగినవి నేలమీది కొలమానములు. ఆ విషయమున మనకు లోటులేదు. రాష్ట్ర ప్రణాళికా సంస్థవారు వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రములను తెలంగాణమంతట నెలకొల్పియున్నారు. వాన, గాలి, ఉక్క ఎంతెంతయో అవి మండలములవారీగా తెలుపుచున్నవి. ఇక బేగంపేట కార్యాలయమున కూర్చున్న సూచకుని పని యెట్టిదో యోచింపుడు. ఉపగ్రహ చిత్రములు, రాడారు చిత్రములు, బెలూను కొలతలు, గణిత ఫలితములు, నేలమీది కేంద్రముల అంకెలు, వీనినన్నిటిని అతడు చూడవలెను, పోల్చవలెను, నిర్ణయింపవలెను, పిమ్మట హెచ్చరిక వ్రాయవలెను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క తెర తెరచి, అంకెలు ఎత్తివ్రాసికొని, జిల్లాల పేర్లు చేతితో కూర్చుట తటస్థించినచో, గంట జీవించు మబ్బునకు ఇరువది నిమిషములు అతని బల్లమీదనే వ్యయమగును. లక్షలకోట్ల లెక్కలను రెప్పపాటున చేయు యంత్రము పూనాలో నుండియు, చివరి మెట్టున గుమాస్తా పని మిగిలియుండిన ఏమి ప్రయోజనము?

కావున సూచకుని బల్లమీది సాఫ్ట్‌వేరును సంస్కరించుట మహాయంత్రములను కొనుటకంటె తక్కువ పని కాదని మేము చెప్పుచున్నాము. వెనుక మన శాఖవారు ‘సినర్జీ’ యను సాఫ్ట్‌వేరును ఫ్రాన్సు దేశమునుండి తెప్పించుకొనిరి. అది యుపకరించినమాట నిజము. కాని పరాయివాడు కట్టిన ఇంట కిటికీ మార్చవలెనన్నను అతని యనుమతి కావలెను. 2024 జనవరిలో స్వదేశమున నిర్మితమైన నిర్ణయసహాయక వ్యవస్థ వెలువడుట ఇందువలననే మాకు సంతోషము గూర్చినది. కేంద్రమువారి కొలతలును, రాష్ట్రమువారి కొలతలును ఆలస్యము లేక ఆ యొక్క తెరమీదనే కలియవలెను. సాఫ్ట్‌వేరు తెలుగున చిత్తుప్రతిని సిద్ధపరుపవలెను, సూచకుడు దానిని దిద్ది సంతకము చేయవలెను. పసుపు, నారింజ, ఎరుపు రంగులమాట మాత్రమే చెప్పి యూరకుండరాదు. ‘రేకులు లేచును, కట్టుచున్న గోడలప్రక్క నిలువవద్దు, మేకలను చెట్లక్రింద చేర్పవద్దు’ అని ఊరిపేరుతో ఫోనుకు చేరినప్పుడే అది హెచ్చరిక యగును.

ఇక సేద్యము. 2024 అక్టోబరు 24వ తేదినుండి గ్రామపంచాయతీలవారీగా అయిదుదినముల సూచన లిచ్చు పద్ధతి ఆరంభమైనది. మంచి పనియే. కాని అదే సంవత్సరమున, 2018 మొదలు కృషి విజ్ఞాన కేంద్రములయందు ఏర్పరచిన 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగములను దేశమంతట మూసివేసిరి. అంకెలను యంత్రములే సమకూర్చుచుండగా సిబ్బంది యేల యను వాదము వినవచ్చినది. ఈ వాదమును మే మంగీకరింపజాలము. అంకె వేరు, సలహా వేరు. తొలకరి రెండు వానలకు చెల్కలో పదునెక్కినదని పత్తిగింజ పెట్టిన రైతు, పిమ్మట పదునైదు దినములు బెట్ట పట్టినచో మొలకను పోగొట్టుకొని మరల విత్తనములు కొనవలెను. అప్పు రెట్టింపగును. ‘ఎల్లుండి 8 మిల్లీమీటర్లు’ అని ఫోను చెప్పును. ఆ వాన ఎఱ్ఱచెల్కకు చాలునా, నల్లరేగడికి చాలునా, ఆముదమునకు తొందరలేదు గనుక ఆగవచ్చునా యని చెప్పువాడు నేలను ఎరిగిన మనుష్యుడే. పంట పోయిన పాలమూరు రైతు మూట గట్టుకొని దూరదేశములకు కూలికి పోవుట మన మందరము చూచినదే గదా!

‘వీరి సూచనలు నిజమైన దెప్పుడు?’ అని పరిహసించువారు గలరు. వారికి మా యుత్తర మిది. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితయందు మేఘగర్భ లక్షణములను వివరించుచు, రేయింబవళ్లు ఏమరక ఆకాశమును కనిపెట్టువాని మాటయే ఫలించునని చెప్పియున్నాడు. మన పంచాంగములలో ఏటేట వాన యెన్ని ఆఢకములో చదువబడుచున్నది. కాని వర్షాంతమున ఎవ్వరును ఆ లెక్క అడుగరు. శాస్త్రము అడుగవలెను, అడిగించుకొనవలెను. ప్రతిమాసము మండలములవారీగా ఎన్ని హెచ్చరికలు చేసితిమి, ఎన్ని ఫలించినవి, ఎన్ని తప్పినవి, చెప్పకయే వచ్చిన గాలివాన లెన్ని యని శాఖవారు తెలుగున ప్రకటించినచో పరిహాసము తనంతట తానే యణగును. తప్పులను దాచని సూచనయందే జనులకు నమ్మిక కుదురును. క్రొత్త సాఫ్ట్‌వేరునకు ఈ లెక్క కట్టుట నిమిషము పని.

మా కోరికలు మూడు. సూచకుని బల్లమీద అన్ని కొలతలును ఒక్కచోట కలియవలెను. మూసిన వ్యవసాయ విభాగములు, ముందుగా కేవలము వానమీద నాధారపడిన మన మెట్టసీమలలో, మరల తెరువబడవలెను. సూచనల జమాఖర్చు ప్రజల యెదుట నుండవలెను. 2016లో జిల్లాలను విభజించి పరిపాలన ప్రజలకు చేరువైనదని చెప్పుకొంటిమి. వానకబురుకూడ అట్లే చేరువ గావలెను. నల్లగొండ, పాలమూరు సీమల శాసనసభ్యులును, పార్లమెంటు సభ్యులును పక్షభేదములు మాని ఈ విషయమును చట్టసభలయందు అడుగుదురు గాక. మరియొక రోహిణికార్తె రాకమానదు. మరియొక గోడక్రింద మరికొందరు కూలీలు ఆనాడును పనిచేయుచుందురు.