చెవిలో గుయ్‌మంటోందని చుక్కల మందు వేస్తున్నారా? ముందు బాటిల్ మీద ఈ పేరు ఉందేమో చూడండి!

చెవిలో ఒకటే గుయ్‌మని శబ్దం. రాత్రి ఫ్యాన్ ఆపితే ఇంకా ఎక్కువ. పొద్దున్నే గల్లీ చివర మెడికల్ షాపుకు వెళ్లి ‘చెవికి ఏదైనా చుక్కల మందు ఇవ్వు భాయ్’ అంటే చాలు, చిన్న బాటిల్ చేతికొస్తుంది. ప్రిస్క్రిప్షన్ ఏదని అడిగేవాళ్లు తక్కువ. చెవిలోకి లైట్ వేసి చూసేవాళ్లయితే అక్కడ అసలే ఉండరు. పాతబస్తీ ఒక్కటే కాదు, హైదరాబాద్‌లో చాలా బస్తీల్లో ఇదే సీన్. ఇంతకీ ఆ బాటిల్‌లో ఉన్నది యాంటీబయాటిక్ అయితే, ఇప్పటికే చెవుల్లో హోరుతో బాధపడుతున్నవాళ్లకు అది సేఫేనా?

రెండు విషయాలు తేలితే గానీ దీనికి జవాబు లేదు. బాటిల్‌లో ఉన్న మందు ఏది? కర్ణభేరికి చిల్లు ఉందా, లేదా?

ఈ హోరును డాక్టర్లు టినిటస్ అంటారు. పాతబస్తీ ఉర్దూలో ‘కాన్ బజ్‌నా’. ఇది జబ్బు కాదు, లక్షణం. గులిమి గట్టిపడినా వస్తుంది, చెవిలో చీము పట్టినా వస్తుంది, వయసుతో వినికిడి తగ్గినా వస్తుంది. ఏళ్ల తరబడి పెద్ద శబ్దాల మధ్య బతికినా వస్తుంది. వెండిని సుత్తితో గంటల తరబడి బాది వరఖ్ తీసే కారీగర్లు, బరాత్‌ల్లో మర్ఫా వాయించేవాళ్లు, డీజే బాక్సుల పక్కనే నిలబడి ఊగే కుర్రాళ్లు.. అందరి చెవుల మీదా దెబ్బే. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దని హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబర్‌లో ఆదేశాలిచ్చారు కూడా. శబ్దం వల్ల వచ్చిన హోరుకు యాంటీబయాటిక్ చుక్కలు చేసేదేమీ లేదు. చంపడానికి అక్కడ బ్యాక్టీరియానే లేదు కదా!

చిల్లు ఉంటే కథ మారిపోతుంది

కర్ణభేరి బాగుంటే చెవిలో వేసిన చుక్క బయటి గొట్టంలోనే ఆగిపోతుంది. లోపలి చెవి దాకా వెళ్లదు. స్నానం చేసినప్పుడు నీళ్లు పోయి, పుల్ల పెట్టి గీకి, బయటి చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు డాక్టర్ రాసే చుక్కలు అందుకే పెద్దగా భయపడాల్సినవి కావు. టినిటస్ ఉన్నా సరే.

చిల్లు ఉంటే మాత్రం మందు నేరుగా మధ్య చెవిలోకి దిగుతుంది. అక్కడి నుంచి లోపలి చెవికి అడ్డుగా ఉండేది ఒక పల్చటి పొర మాత్రమే. ఆ పొర అవతల నత్త గుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. అందులో సుమారు 15 వేల సన్నటి వెంట్రుక కణాలు శబ్దాన్ని నరానికి అందిస్తాయి. మనిషిలో ఇవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. జెంటామైసిన్, నియోమైసిన్, ఫ్రామైసెటిన్, టోబ్రామైసిన్ లాంటి అమైనోగ్లైకోసైడ్ మందులు దెబ్బతీసేది సరిగ్గా ఈ కణాలనే.

ఇదేదో వాట్సాప్‌లో తిరిగే భయం కాదు. మెనియర్స్ అనే జబ్బులో తల తిరుగుడు ఎంతకీ తగ్గకపోతే, డాక్టర్లు కావాలనే జెంటామైసిన్‌ను సూదితో మధ్య చెవిలోకి ఎక్కిస్తారు. లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే కణాలను దెబ్బతీసి తిరుగుడు ఆపడమే ఆ చికిత్స. అంటే ఈ మందు మధ్య చెవిలో పడితే లోపలి దాకా వెళ్తుందన్నది వైద్యులు రోజూ వాడుకుంటున్న నిజం. మరి అదే మందు, చెవికి చిల్లు ఉందో లేదో కూడా తెలియకుండా, షాపు కౌంటర్ మీద నుంచి ఇంటికి వెళ్తోంది.

ఈ కుటుంబానికి పాత చరిత్రే ఉంది. 1940లలో టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ వచ్చిన కొద్ది కాలానికే కొందరు రోగులకు తల తిరగడం, వినికిడి పోవడం డాక్టర్లు గమనించారు. మొండి టీబీకి వాడిన కనామైసిన్ ఇంజెక్షన్‌ను ఇక వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పడానికి చెవులకు జరిగే నష్టం కూడా ఒక కారణం.

అలాగని మందు మానేస్తే?

అదీ ప్రమాదమే. ఇది చదివి భయపడి చీము కారే చెవిని అలాగే వదిలేస్తే వినికిడిని ఆ చీమే తినేస్తుంది. చెవి నుంచి ఏళ్ల తరబడి చీము కారే సమస్య బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో భారత్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004 నివేదికలోనే చేర్చింది. ఇన్ఫెక్షన్ ముదిరితే ఎముకకు, అక్కడి నుంచి మెదడుకు కూడా పాకొచ్చు. హోరుకు అసలు కారణం ఇన్ఫెక్షనే అయితే, సరైన చుక్కలు వేస్తే హోరు కూడా తగ్గే అవకాశం ఉంది.

ఇంకో మెలిక ఉంది. చెవిలో వాపు, చీము ఉన్నప్పుడు ఆ పల్చటి పొర కాస్త మందంగా ఉంటుంది, మందు తక్కువగా దాటుతుంది. చెవి ఆరిపోయాక పొర మళ్లీ పల్చబడుతుంది. అందుకే ‘తగ్గింది కదా, ఇంకో వారం వేద్దాం’ అనుకోవడమే అసలు రిస్క్. చిల్లు ఉన్న చెవిలో ఈ మందులు వేయాల్సి వస్తే ఇన్ఫెక్షన్ కళ్లకు కనిపిస్తున్నప్పుడే వేయాలి, రెండు వారాలు దాటకూడదని బ్రిటన్ ఈఎన్‌టీ నిపుణులు 2007లో ఒక మాట మీదకు వచ్చారు. అమెరికా నిపుణులు ఇంకాస్త గట్టిగా ఉన్నారు. చెవి తెరుచుకుని ఉంటే, హాని చేయని మందు దొరుకుతున్నప్పుడు అదే వాడాలన్నది వాళ్ల మాట.

అలాంటి మందు దొరుకుతోంది, అదీ చవగ్గానే. సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్ చుక్కలు లోపలి చెవిని దెబ్బతీస్తాయనడానికి ఆధారాలు లేవు. పిల్లల కర్ణభేరి మానడం మీద వీటి ప్రభావం ఉందా అన్న ప్రశ్నను కొన్ని అధ్యయనాలు లేవనెత్తాయి, కానీ అది హోరుకు సంబంధించిన విషయం కాదు. టినిటస్ ఉన్నవాళ్లకు, చెవి చిల్లు ఉన్నవాళ్లకు ఈ రకమే ముందు వరసలో ఉండాలి. సేఫ్ మందు పక్క షెల్ఫ్‌లోనే ఉండగా రిస్క్ ఎందుకు తీసుకోవాలన్నదే ఇక్కడ పాయింట్.

కొందరికి రిస్క్ పుట్టుకతోనే ఉంటుంది. తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా జన్యువులో ఒక చిన్న తేడా ఉంటే, మామూలు మోతాదు అమైనోగ్లైకోసైడ్‌కు కూడా వినికిడి పోవచ్చు. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2021 జనవరిలో దీనిపై హెచ్చరిక ఇచ్చింది. ఎక్కువ కేసులు ఇంజెక్షన్లతో వచ్చినవే అయినా, చెవి చుక్కల విషయంలోనూ జాగ్రత్త అవసరమే. అమ్మ తరఫు వాళ్లలో ‘ఇంజెక్షన్ వేశాక చెవులు పోయాయి’ అనే మాట ఎప్పుడైనా విన్నారా? అయితే డాక్టర్‌కు ముందే చెప్పాలి.

లేబుల్ చదివేదెవరు?

బాటిల్ మీద అక్షరాలు ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత ఉంటాయి. ఉర్దూ, తెలుగు మాత్రమే చదివేవాళ్లకు అది ఉన్నా లేనట్టే. జెంటామైసిన్ అయినా సిప్రోఫ్లాక్ససిన్ అయినా షెడ్యూల్ హెచ్ మందే, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అధికారులు షాపుల్లో తనిఖీలు చేస్తూనే ఉన్నారు. కేరళ 2024లో ‘ఆపరేషన్ అమృత్’ పేరుతో ఇదే పని చేసింది. రూల్ ఉంది, గల్లీలో మాత్రం కనిపించదు.

ఫోన్ కెమెరాతో లేబుల్‌ను జూమ్ చేసి చూడొచ్చు. పేరు చివర ‘ఫ్లాక్ససిన్’ అని ఉంటే క్వినోలోన్ రకం. ‘మైసిన్’ అని ఉన్నంత మాత్రాన చెడ్డదని కాదు, అజిత్రోమైసిన్ కూడా మైసినే. చూడాల్సింది పైన చెప్పిన నాలుగు పేర్లు. చెవిలో దురద, వాన నీళ్లు పోయాక తడిసిన కాగితం లాంటి తెల్లటి పొర ఉంటే అది ఫంగస్ కావచ్చు. దానికి యాంటీబయాటిక్ వేస్తే ఇంకా పెరుగుతుంది. ఇక వెల్లుల్లి కాచిన నూనె.. చిల్లు ఉన్న చెవిలో అదీ వద్దు.

చుక్క వేయగానే తల గిర్రున తిరిగితే కంగారు పడొద్దు, చల్లటి మందు పడితే అలా అవుతుంది. బాటిల్‌ను కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టాలి. చుక్కలు నిండి చెవి మూసుకున్నట్టై హోరు కాసేపు పెద్దగా వినిపించడమూ మామూలే. కానీ గంటలు గడిచినా హోరు తగ్గకపోయినా, వినికిడి మందగించినా, నడకలో తూలుతున్నా మందు ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఒక చెవి హఠాత్తుగా వినిపించకుండా పోతే అది ఎమర్జెన్సీ. స్టెరాయిడ్ చికిత్స మొదటి కొన్ని రోజుల్లో మొదలైతేనే ఫలితం ఎక్కువ.

చార్మినార్ నుంచి నయాపూల్, అఫ్జల్‌గంజ్ దాటితే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. చుక్కలు మొదలుపెట్టే ముందు కర్ణభేరి చూపించుకోవాలి. హోరు పాతదైతే వినికిడి పరీక్ష కూడా అడగాలి. రేపు తేడా వస్తే పోల్చి చూసుకోవడానికి ఆ రిపోర్టే ఆధారం. ఇంట్లో సగం వాడిన బాటిళ్లు ఉంటే పారేయకుండా వెంట తీసుకెళ్లండి, ఇంతవరకూ చెవిలో ఏం పోశారో డాక్టర్‌కు వాటిని చూస్తేనే తెలుస్తుంది.