తొమ్మిది సెకన్ల లెక్క ఎవరు చెప్పాలి?

సూరత్ నగరంలోని రింగ్ రోడ్డు జవుళి మార్కెట్లకు పేరుపొందినది. తెలంగాణా జిల్లాల నుండి తరలిపోయిన నేతకార్మికులు పెద్ద సంఖ్యలో స్థిరపడిన నగరమది. స్వగ్రామానికి టిక్కెట్టు కొరకో, పొదుపు ఖాతా పని మీదనో వచ్చినవారితో నిండిన క్యూ ముందు కౌంటరు నిలిచిపోతే, ప్రజల ఆగ్రహం కిటికీ ఇవతల కూర్చున్న ఉద్యోగి మీదనే పడుతుంది. తప్పు లైనుదని ఆ ఉద్యోగి ఎంత మొత్తుకున్నా, రికార్డులో లైను సక్రమమనే వుండవచ్చు. అది ఎట్లా సాధ్యమో మన సభ్యులు తెలుసుకోవలసి వున్నది.

రెండు మెగాబిట్ల డిజిటల్ లైను మీద సెకనుకు 20,48,000 బిట్లు నడుస్తాయి. వెయ్యింటికి ఒకటి కన్న ఎక్కువ, అంటే సెకనుకు రెండు వేలకు పైగా బిట్లు తప్పితే, ఆ సెకనును తీవ్ర దోషం గలదిగా అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం వారి సిఫారసు పరిగణిస్తుంది. అయితే అట్టి సెకన్లు వరుసగా పది వస్తేనేగాని లైను పనిచేయలేదని లెక్కకు ఎక్కదు. తొమ్మిది సెకన్లు చెడి, పదవ సెకను కుదుటపడి, మరల తొమ్మిది చెడితే? దినమంతా ఇట్లాగే సాగినా లభ్యత నూటికి నూరు! కౌంటరులోని లావాదేవీ మాత్రం మధ్యలోనే తెగిపోతుంది.

సిఫారసును మేము తప్పుపట్టటం లేదు. దోష సెకన్లను 15 నిమిషాలకు, 24 గంటలకు విడివిడిగా లెక్కించి, పరిమితి దాటగానే అలారం మోగించే పద్ధతి కూడ వున్నది. ఆ పరిమితి ఎంత అన్నదే అసలు తగవు. ఎక్కువ పెడితే దోషం దాగిపోతుంది. మరీ తక్కువ పెట్టి, పది లక్షలకు ఒక బిట్టు తప్పినా, అంటే సెకనుకు రెండు తప్పులకే, గంట కొట్టిస్తే, రాత్రి డ్యూటీలో ఒంటరిగా వున్న టెక్నీషియను తెల్లవార్లూ అలారాలు ఆపుకుంటూ కూర్చోవలసినదే. నిజంగా లైను తెగిననాటి గంట కూడ వందలో ఒకటిగా గడిచిపోతుంది. మర్నాడు మెమో ఆయనకే! మోగటానికొక అంకె, ఆగటానికి అంతకన్న తక్కువ అంకె పెడితే ఈ బాధ కొంత తగ్గుతుంది. పైసా ఖర్చు లేని పని.

తంతి తపాలా శాఖ 1985లో రెండుగా చీలింది. 2000లో బి.ఎస్.ఎన్.ఎల్., రైల్‌టెల్ ఏర్పడినవి. కౌంటరు ఒకరిదీ, లైను మరొకరిదీ అయిన చోట అంకె వేసేవారికి క్యూ కనిపించదు. కావున పరిమితులను నిర్ణయించేటప్పుడు కౌంటరు సిబ్బందినీ, మెయింటెనెన్సు సిబ్బందినీ సంప్రదించాలి. ఎవరు, ఏ తేదీన మార్చారో లిఖితపూర్వకంగా వుండాలి. ఉద్యోగికి మెమో ఇచ్చేముందు, ఆయన రిజిస్టరులో వ్రాసిన వేళకు లైను మీద ఎన్ని దోష సెకన్లు నమోదైనవో ఆయనకు చూపాలని మేము డిమాండు చేస్తున్నాము.