కాడికి కొత్త కోడె

తొలకరికి ముందు మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర సంతలో నిలబడినవారికి ఒక బేరం తప్పక కంటబడుతుంది. ఒక రైతు దుక్కి తెలిసిన ఎడ్ల జతను పట్టుకుని నిలబడి ఉంటాడు. పక్కనే ఉన్న బంధువు, ‘వీటిని అమ్మేసి రెండు పళ్ళ కోడెలను కొను, ఇంకా పదేండ్లు నీ చేను దున్నుతవి’ అని నచ్చజెబుతూ ఉంటాడు. రైతు ఎటూ తేల్చుకోలేడు. పాత ఎద్దు నడక మందగించిన మాట నిజం. కానీ దానికి సాలు చెప్పవలసిన పని లేదు. గట్టు దగ్గరికి రాగానే తనంత తానే మలుపు తిరుగుతుంది. కోడెకు బలం ఉన్నది, సాలు తెలియదు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఈ బేరాలు తగ్గినవి గాని, వాటి వెనుక ఉన్న సందేహం మాత్రం తగ్గలేదు. అది ఇప్పుడు పశువుల సంతను దాటి, కోట్ల రూపాయల మాటలు నడిచే మరొక సంతలోకి ప్రవేశించింది.

ఆ సంత పేరు ఇండియన్ ప్రీమియర్ లీగ్. 2008లో ప్రారంభమైన ఈ పోటీలలో జట్టు యజమానులు కొందరు ఆటగాళ్ళను అట్టిపెట్టుకుంటారు, కొందరిని వదిలివేస్తారు, వదిలిన వారి స్థానంలో వేలంలో మరికొందరిని కొంటారు. వేలంతో పని లేకుండా రెండు జట్లు నేరుగా ఆటగాళ్ళను మార్చుకునే పద్ధతి కూడా ఉన్నది. 2025 నవంబరులో చెన్నై జట్టు రవీంద్ర జడేజాను, శామ్ కరన్‌ను రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ శాంసన్‌ను తెచ్చుకున్నది ఈ పద్ధతిలోనే. ఇటువంటి వార్త వచ్చిన నాడు నల్లగొండ నాగార్జున కళాశాల మైదానంలో ఉదయపు నడకకు వచ్చిన పెద్దలు మొదలుకొని, పాలమూరు వీధుల్లో టెన్నిస్ బంతితో ఆడే పిల్లల వరకు అందరూ న్యాయనిర్ణేతలే. వారి వాదం చివరకు ఒకే ప్రశ్న దగ్గర ఆగుతుంది. చేయి తిరిగిన ఆటగాళ్ళను వదులుకుని, ఇంకా పేరు రాని కుర్ర బౌలర్లను తెచ్చుకోవడం జట్టుకు మేలా, కీడా?

మేలనేవారి వాదంలో బలం లేకపోలేదు. హైదరాబాదు పేరు మీద ఆడిన జట్లు రెండుసార్లు విజేతలైనవి. రెండుసార్లూ బౌలర్ల పాత్ర చిన్నది కాదు. 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలలో దక్కన్ చార్జర్స్ గెలిచినప్పుడు అందరికన్నా ఎక్కువ వికెట్లు తీసినవాడు ఆ జట్టుకే చెందిన ఆర్.పి. సింగ్. 2016లో సన్‌రైజర్స్ గెలిచినప్పుడు ఆ గౌరవం 23 వికెట్లతో భువనేశ్వర్ కుమార్‌కు దక్కింది. మంచి బౌలరు కావాలన్న కోరికను తప్పు పట్టలేము. కుర్రవాడు తక్కువ ధరకు దొరుకుతాడు, ఎక్కువ కాలం ఆడుతాడు, అతని బంతికి ప్రత్యర్థులు ఇంకా అలవాటు పడి ఉండరు. లెక్క ఇంతవరకు సరిగానే ఉన్నది.

లెక్క తప్పే చోటు ఏదో తెలియాలంటే 2021 నవంబరు చివరి రోజును తలచుకోవాలి. ఆ రోజు సన్‌రైజర్స్ యాజమాన్యం తాము అట్టిపెట్టుకున్న ముగ్గురి పేర్లు ప్రకటించింది. కేన్ విలియమ్సన్‌కు 14 కోట్లు. అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మాలిక్‌లకు చెరి నాలుగు కోట్లు. ఆ జాబితాలో రషీద్ ఖాన్ పేరు లేదు. అయిదేండ్లలో ఆ జట్టు తరఫున 76 ఆటలలో 93 వికెట్లు తీసిన బౌలరు అతడు. ఉమ్రాన్ అప్పటికి ఆడినవి మూడు ఆటలు మాత్రమే. అంతకు ముందు అతడు సాధనలో బంతులు విసరడానికి జట్టు వెంట ఉన్నవాడు. కాని అతని వేగం చూసినవారి కన్ను చెదిరింది.

కొత్తగా ఏర్పడిన గుజరాత్ జట్టు రషీద్‌ను 15 కోట్లకు తీసుకున్నది. 2022 ఏప్రిల్ 27న ముంబయి వాంఖడే మైదానంలో ఈ రెండు జట్లు తలపడినవి. అది ఈ ప్రశ్న మీద జరిగిన బహిరంగ విచారణ వంటిది. గుజరాత్ గెలుపునకు 196 పరుగులు కావాలి. ఉమ్రాన్ నాలుగు ఓవర్లలో 25 పరుగులిచ్చి అయిదు వికెట్లు పడగొట్టాడు. పడిన వికెట్లన్నీ అతనివే. రషీద్‌కు ఆ రోజు బంతితో ఒక్క వికెట్టూ దొరకలేదు. యాజమాన్యం ఎంపిక సరైనదేనని అప్పటికి ఎవరైనా అనుకుని ఉంటారు. ఆఖరి ఓవరులో 22 పరుగులు కావలసి వచ్చింది. అప్పటికి ఉమ్రాన్ వంతు ముగిసిపోయింది. రషీద్ ఆ ఓవరులో మూడు సిక్సర్లు కొట్టాడు. ఆఖరి బంతి కూడా వాటిలో ఒకటి. గుజరాత్ గెలిచింది. ఆ సంవత్సరం విజేత కూడా ఆ జట్టే. సన్‌రైజర్స్ పది జట్లలో ఎనిమిదవ స్థానంలో మిగిలింది.

ఉమ్రాన్ తప్పు ఇందులో ఏమీ లేదు. ఆ సంవత్సరం అతడు 22 వికెట్లు తీసి, గంటకు 157 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరి, వర్ధమాన ఆటగాడి పురస్కారం పొంది, భారత జట్టులో చోటు సంపాదించాడు. కాని 2023లో సన్‌రైజర్స్ అతనిని ఎనిమిది ఆటలలోనే ఆడించింది. 2024లో ఒక్క ఆటలో. తరువాత వేలంలో కోల్‌కతా అతనిని 75 లక్షలకు కొనగా, గాయం వల్ల 2025 పోటీలకు దూరమయ్యాడు. నాలుగు కోట్ల నమ్మకానికి ఆయుర్దాయం మూడేండ్లు కూడా లేకపోయింది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉన్నది. రషీద్ 1998లో పుట్టాడు, ఉమ్రాన్ 1999లో. ఇద్దరి మధ్య తేడా ఏడాది పైచిలుకు. అంటే సన్‌రైజర్స్ ముసలితనాన్ని ఇచ్చి యౌవనాన్ని కొనలేదు. ఋజువైన దానిని విడిచి ఋజువు కావలసిన దానిని పట్టుకున్నది. ‘కుర్రవాడు’ అనే మాట ఎంత మోసకారిదో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. సంతలో కోడె పళ్ళు చూసే రైతు వయసు తెలుసుకోగలడే తప్ప, అది కాడికి లొంగుతుందో లేదో పళ్ళను చూసి చెప్పలేడు.

పైగా వేగంగా బంతి విసరడమన్నది శరీరానికి సహజమైన పని కాదు. పరుగెత్తి వచ్చి ముందుకాలు నేలకు తాటించినప్పుడల్లా తన బరువుకు ఎన్నో రెట్ల భారాన్ని బౌలరు వెన్నెముక మోయాలి. ఇరవైల మొదట్లో ఉన్నవాని నడుము ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. కుర్ర బౌలర్లలో వెన్నెముక చిట్లు తరచుగా కనిపించడానికి కారణం ఇదే. మయాంక్ యాదవ్ 2024లో నాలుగే ఆటలు ఆడి దేశాన్ని ఆశ్చర్యపరిచాడు. లక్నో జట్టు అతనిని 11 కోట్లకు అట్టిపెట్టుకున్నది. గాయాల వల్ల 2025లో అతడు ఆడగలిగినవి రెండు ఆటలు. క్రికెట్‌కు దూరపు బంధువైన బేస్‌బాల్‌లోనూ ఇదే కథ. అక్కడ బంతి విసిరేవానిని పిచర్ అంటారు. తెగిన మోచేతి స్నాయువుకు బదులు మరొక స్నాయువును అమర్చే శస్త్రచికిత్సను 1974లో మొదటిసారి చేయించుకున్న పిచర్ పేరు టామీ జాన్. ఆ చికిత్సకు ఇప్పటికీ అతని పేరే. వైద్యుని పేరు కాక రోగి పేరు నిలిచిపోవడం విడ్డూరమే గాని, ఆ ఆటలో ఎన్ని చేతులు దెబ్బతింటున్నవో దానిని బట్టి ఊహించవచ్చు.

ఇంతమాత్రాన పాతదంతా బంగారమని చెప్పరాదు. బేస్‌బాల్ చరిత్రలోనే దీనికి రెండవ వైపు కూడా ఉన్నది. 1987లో డెట్రాయిట్ జట్టు చేయి తిరిగిన డోయల్ అలెగ్జాండర్ కోసం ఇరవై ఏండ్ల జాన్ స్మోల్ట్జ్‌ను అట్లాంటాకు ఇచ్చివేసింది. అలెగ్జాండర్ ఆ సంవత్సరం తన ఖాతాలో తొమ్మిది గెలుపులు వేసుకుని ఒక్క ఓటమీ లేకుండా జట్టును గట్టెక్కించాడు. స్మోల్ట్జ్ ఆ తరువాత ఇరవై ఏండ్లు ఆడి, 2015లో ఆ ఆటలోని అత్యున్నత గౌరవం పొందాడు. డెట్రాయిట్ కోరినది డెట్రాయిట్‌కు దక్కింది. పోగొట్టుకున్నదేమిటో తెలియడానికి మాత్రం ఏండ్లు పట్టింది. సన్‌రైజర్స్ కూడా 2024 నవంబరు వేలంలో భువనేశ్వర్‌ను, నటరాజన్‌ను పోనిచ్చి, భువనేశ్వర్‌కు దాదాపు ఈడువాడైన మహమ్మద్ షమీకి 10 కోట్లు పెట్టింది. షమీ 2025లో తొమ్మిది ఆటలలో తీసినవి ఆరు వికెట్లు. ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులు సమర్పించుకున్నాడు. ఆ నవంబరులో అతనిని లక్నోకు ఇచ్చివేయడాన్ని తప్పనడం కష్టం.

దక్కన్ చార్జర్స్ కథ క్లుప్తంగా చెప్పినా సరిపోతుంది. 2011లో ఆ జట్టు ఎవరినీ అట్టిపెట్టుకోలేదు. గిల్‌క్రిస్ట్, లక్ష్మణ్, సైమండ్స్, రోహిత్ శర్మ అందరూ వెళ్ళిపోయారు. స్టెయిన్, ఇశాంత్ వంటి బౌలర్లు వచ్చారు. జట్టు ఏడవ స్థానంలో, మరుసటి ఏడు ఎనిమిదవ స్థానంలో నిలిచింది. 2012లోనే జట్టు కనుమరుగైంది. రోహిత్ నాయకత్వంలో ముంబయి అయిదుసార్లు గెలిచింది.

మరి చేయవలసినదేమిటి? పాలమూరు రైతు ఎప్పుడో కనుగొన్న ఉపాయమే ఇక్కడా పనికివస్తుంది. అతడు జతనంతా ఒకేసారి మార్చడు. ఒక పాత ఎద్దును ఉంచుకుని దాని పక్కన కోడెను కడతాడు. మొదటి కొన్నాళ్ళు కోడె కాడిని ఎగదోస్తుంది, పక్కకు లాగుతుంది. పాత ఎద్దు తన నడక తాను నడుస్తుంది. దుక్కి ముగిసేనాటికి కోడెకు సాలు తెలుస్తుంది. 2016 నాటి సన్‌రైజర్స్ బౌలింగు సరిగ్గా ఇటువంటి జతే. 37 ఏండ్ల ఆశిష్ నెహ్రా, మంచి వయసులో ఉన్న భువనేశ్వర్, వారి పక్కన ఇరవై ఏండ్ల ముస్తాఫిజుర్ రహమాన్. ఆ కుర్రవాడు 17 వికెట్లు తీసి వర్ధమాన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. నెహ్రా గాయపడి ఆఖరి ఆట ఆడలేకపోయినా అప్పటికే అతని పని జరిగిపోయింది. 2022లో రషీద్‌ను తీసుకుని గెలిచిన గుజరాత్ జట్టుకు శిక్షకుడు ఎవరో కాదు, ఈ నెహ్రాయే!

మహమ్మద్ సిరాజ్ ఎదుగుదల కూడా ఈ మాటనే బలపరుస్తుంది. హైదరాబాదు ఆటో డ్రైవరు కొడుకైన అతడు టెన్నిస్ బంతితో ఆట నేర్చుకున్నాడు. 2016-17 రంజీ పోటీలలో హైదరాబాదుకు భరత్ అరుణ్ శిక్షణనిచ్చిన కాలంలో 41 వికెట్లు తీశాడు. వేగం అతనికి ముందే ఉన్నది. దానిని ఎక్కడ వాడాలో చెప్పే మనిషి అప్పుడు దొరికాడు. 2017లో సన్‌రైజర్స్ అతనిని 2.6 కోట్లకు కొన్నది. మరుసటి ఏడు అదే ధరకు బెంగళూరు తీసుకుపోయింది. భువనేశ్వర్ ఉన్న జట్టులో సిరాజ్‌ను మరో మూడేండ్లు నిలుపుకుని ఉంటే ఎలా ఉండేదో అని నల్లగొండ అభిమాని నిట్టూర్చితే అది అత్యాశ కాదు.

ఈ క్రయవిక్రయాలలో మనిషిని మరచిపోవడం సులభం. మనుషులను ధరకట్టి తరలించడమంటే ఏమిటో పాలమూరుకు వేరే చెప్పనక్కరలేదు. గుంపు మేస్త్రీ బయానా ఇచ్చి కూలీలను దూరదేశపు ఆనకట్టల పనులకు తీసుకుపోయిన జ్ఞాపకం ఇక్కడి ఊళ్ళలో ఇంకా పచ్చిగానే ఉన్నది. కోట్లు పుచ్చుకునే ఆటగాడిని ఆ కూలీతో పోల్చడం న్యాయం కాదు. అయినా బలం ఉన్నంతకాలమే పిలుపు అన్న నియమం ఇద్దరికీ ఒకటే. నడుము పట్టేసిన నాడు మేస్త్రీ కొత్తవానిని వెతుక్కుంటాడు. కాబట్టి కుర్ర బౌలర్లను కొనే జట్టు వారికి ధరతో పాటు వ్యవధి కూడా ఇవ్వాలి. ఎన్ని బంతులు వేయించాలో లెక్క ఉండాలి, గాయపడిన ఏడాది జీతంతో పాటు చోటు కూడా మిగలాలి, పక్కన నడిచే పెద్ద బౌలరు ఒకడైనా ఉండాలి. ఇవి లేని మార్పిడిలో వదిలివేసిన పాతవాడూ, తెచ్చుకున్న కొత్తవాడూ ఇద్దరూ నష్టపోతారు. జట్టు సంగతి సరే సరి.

ఈ మాట జిల్లాల పిల్లలకు మరీ దగ్గరగా తగులుతుంది. నల్లగొండలోనో నారాయణపేటలోనో వేగంగా బంతి విసిరే పదిహేడేండ్ల పిల్లవానికి ఇప్పుడు అందరూ చెప్పేది ఒకటే, ఇంకా వేగం పెంచమని. నడుము కాపాడుకొమ్మని, ఆటు పోటులు చూసిన బౌలరు పక్కన రెండేండ్లు నిలబడమని చెప్పేవారు తక్కువ. అటువంటి బౌలర్లు జిల్లా మైదానాలకు రావడం ఇంకా తక్కువ.

2025 ఏప్రిల్ 6న సిరాజ్ ఉప్పల్ మైదానానికి గుజరాత్ దుస్తుల్లో వచ్చాడు. సొంత ఊరి జట్టుపై 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని వచ్చినవారిలో చాలామంది, పడుతున్నవి తమ జట్టు వికెట్లేనని తెలిసి కూడా, అతనికి చప్పట్లు కొట్టారు.