పిల్లలు వదలడానికి ముందు కాగ్నా అడుగు చూడాలి

చెరువుల్లో చేపపిల్లలను వదిలే పథకం రాష్ట్రంలో 2016లో మొదలైంది. మరుసటి యేడాది నుంచి కొన్ని జలాశయాల్లో రొయ్య పిల్లలను కూడా వదులుతున్నారు. కోటపల్లి ప్రాజెక్టులోనో సర్పన్‌పల్లిలోనో రొయ్యలు విరివిగా దొరికితే బాగుండునని వికారాబాద్, తాండూరు ప్రాంతాల బెస్తవారు ఆశించడం సహజమే. కాని నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరుగుతుందే తప్ప, దాని పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీరు కావాలి. సముద్రానికి యింత దూరాన వదిలిన రొయ్య యిక్కడ సంతానం నిలుపుకోదు. యేటా కొని తెచ్చి వదలవలసిందే.

ఈ నీళ్ళలోనే పుట్టి, యిక్కడే సంతతిని పెంచుకోగల జీవి ఆల్చిప్ప. మామిడికాయ చెక్కు తీయడానికి అరగదీసిన ఆల్చిప్ప వాడిన యిళ్ళు పల్లెల్లో యెన్నో వుండేవి. నీటిని వడగట్టి తేటపరచడం దాని నిత్యకృత్యం. అయితే దాని బతుకు చేపతో ముడిపడి వుంది. తల్లి వదిలిన పసికూనలు చేపల మొప్పలకో రెక్కలకో కరుచుకుని కొద్ది రోజులు గడిపి, ఆ తరువాత అడుగుకు రాలి ఇసుకలో నిలదొక్కుకుంటాయి. చేప లేకపోయినా, ఇసుక లేకపోయినా ఆ వంశం అంతటితో సరి.

తాండూరు మీదుగా పోయి కర్ణాటకలో భీమానదిలో కలిసే కాగ్నా యీ లెక్కన మంచి చోటే కావాలి. ఆ ప్రాంతమంతా సున్నపురాతి నేల. చిప్పకు కావలసింది సున్నమే. కాని నీటిలో కరిగిన సున్నం వేరు, నాపరాయి పాలిషింగులో వచ్చే తెల్లబురద వేరు. కరిగినది చిప్పకు ఆహారం. పొడిగా వచ్చి అడుగున పేరుకున్నది దాని ఊపిరికి అడ్డం. రాయి ఒకటే, ఫలితం రెండు విధాలు. ఆ బురద వాగుల్లోకి జారకుండా చూడడం అధికార్లకు అసాధ్యమేమీ కాదు.

ఇసుక సంగతి అంతకన్నా ముఖ్యం. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఆల్చిప్ప తడి ఇసుకలోకి దిగి కొంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. ట్రాక్టర్లు ఆ ఇసుకనే యెత్తుకుపోతే దిగడానికి చోటేదీ? ఇసుక రవాణా గురించి మాట వచ్చినప్పుడల్లా బావులు యెండిపోవడం గురించే చర్చ జరుగుతుంది. అది న్యాయమే. నది అడుగున బతికే జీవాల ప్రసక్తి మాత్రం రాదు, వాటికి అర్జీ పెట్టుకునే నోరు లేదు గనుక.

అమెరికాలోని చెసపీక్ అఖాతంలో తగ్గిపోయిన ఆయిస్టరు చిప్పలను మళ్ళీ పెంచే పని చేపట్టినవారు అడుగు గట్టిదా బురదా, నీటిలో ఉప్పు యెంత అని ముందు కొలుస్తారు. పిల్ల చిప్పలను దింపేది ఆ తరువాతే. కాగ్నాకు అంత యంత్రసామగ్రి అక్కరలేదు. యే మడుగులో వేసవి దాకా నీరు నిలుస్తుంది, ఇసుక మోకాటి లోతైనా మిగిలిందా, యే చేపలు తిరుగుతున్నాయి అన్నవి చూస్తే చాలు. ఒడ్డున పాత చిప్పలు మాత్రమే కనిపించి, లోపల బతికినవి లేకపోతే అక్కడ యేదో చెడిందని అర్థం. మునుపు యెక్కడ దండిగా దొరికేవో ముసలి బెస్తలను అడిగితే చెబుతారు.

మత్స్యశాఖవారు, మత్స్యకారుల సంఘాలు, తాండూరు, వికారాబాద్ కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థులు కలిసి యీ పని చేయవచ్చు. ఖర్చు స్వల్పం. మే నెల లోపలే నదిలో దిగాలి. తొలకరి పడి కాగ్నా పారిందంటే మరుసటి వేసవి దాకా అడుగు కనిపించదు.