ఐడీ కార్డ్ ప్రింటర్: పాత రిబ్బన్‌ని చెత్తబుట్టలో వేస్తున్నారా?

ఆఫీసులో ఐడీ కార్డ్ ప్రింటర్ మెయింటెనెన్స్ అనగానే అందరికీ క్లీనింగే గుర్తొస్తుంది. అది అవసరమే. ప్రింట్ హెడ్ మీద దుమ్ము చేరితే కార్డు మీద తెల్ల గీతలు పడతాయి. అందుకే రిబ్బన్ మార్చిన ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన క్లీనింగ్ కార్డు ఒకటి లోపలికి పంపాలి. హెడ్‌ని మాత్రం వేలితో ముట్టుకోవద్దు.

కానీ నా దృష్టిలో, తీసేసిన పాత రిబ్బన్‌ని ఏం చేస్తామన్నది అంతకంటే ముఖ్యం. వైఎంసీకేఓ రిబ్బన్‌లో ప్రతి కార్డుకీ పసుపు, మెజెంటా, సయాన్, నలుపు, ఓవర్‌లే ప్యానెళ్లు వరుసగా ఉంటాయి. హెడ్ వేడికి నలుపు రంగు కార్డు మీదికి దిగిపోతే, ఆ అక్షరాల ఆకారం రిబ్బన్ మీద ఖాళీగా మిగిలిపోతుంది. వెలుతురుకి పెట్టి చూడండి, పేరు, ఎంప్లాయీ నంబర్ చదివేయొచ్చు. రంగు ప్యానెళ్లలో ఫొటో కూడా నెగటివ్‌లా కనిపిస్తుంది. 200 కార్డుల రోల్ అంటే 200 మంది వివరాలన్నమాట!

సర్వర్‌కి పాస్‌వర్డ్ మీద పాస్‌వర్డ్ పెట్టి, ఈ రోల్‌ని చెత్తలో పడేస్తే ఏం లాభం? ముక్కలు చేశాకే పారేయాలి, ఆ పని ఎవరిదో కూడా ముందే తేల్చాలి. మీ ఆఫీసులో పాత రిబ్బన్ ఎటు పోతోందో రేపే అడగండి. అందులో మీ ఫొటో కూడా ఉండొచ్చు.