ఓ మేస్త్రీ, ఇవాళే రా!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో ఇల్లు కట్టనక్కర్లేదు, వంటింట్లో గట్టు మార్పించి చూడండి, ఆ సామెత ఎంత నిజమో తెలిసొస్తుంది. మొదటి వారం నలుగురు మనుషులు వస్తారు. పాత గచ్చు పగలగొడతారు. అటక మీది సామానంతా హాల్లోకి చేరుతుంది, గ్యాసు పొయ్యి బాల్కనీలోకి వెళుతుంది. రెండో వారం ఇద్దరే వస్తారు. మూడో వారం ఒక్కడు వచ్చి, "ఇంకో పదివేలు కావాలట, మేస్త్రీ గారు అడగమన్నారమ్మా" అంటాడు. ఆ పదివేలు అందాక ఆ ఒక్కడూ రాడు. ఫోను చేస్తే "రేపొస్తానమ్మా" అన్న మాటొకటి వినిపిస్తుంది.

ఒకప్పుడు మన ఊళ్ళల్లో దెయ్యం భయంతో గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకునేవారు. ఇప్పుడు ఇల్లాళ్ళు 'ఓ మేస్త్రీ ఇవాళే రా' అని రాసుకోవలసిన రోజులొచ్చాయి.

చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే వుంటుంది. కానీ తలుపుల్లేని అరల ముందు, దుమ్ములో, రెండు నెలలపాటు మూడు పూటలా వండి పెట్టే మనిషికి ఇది నవ్వులాట కాదు. చాలా ఇళ్ళల్లో పని మాట్లాడేది మగవారు, డబ్బిచ్చేది మగవారు. మేస్త్రీ రాకపోతే మాత్రం "ఇంట్లోనే వున్నావుగా, దగ్గరుండి చేయించుకోవద్దూ?" అన్న మాట పడేది ఆడవారు. పోనీ మేస్త్రీని గట్టిగా అడుగుదామంటే, "సార్‌తో మాట్లాడతాలెండమ్మా" అని తప్పించుకుంటాడు. ఎంతకి ఒప్పుకున్నాడో, ఎంత ఇచ్చారో, ఏమేం చేస్తానన్నాడో ఆవిడకి సరిగ్గా తెలియదు. బాధ్యత ఆవిడది, ఒప్పందం ఇంకొకరిది. అసలు చిక్కు ఇక్కడే వుందని నా అభిప్రాయం.

అలాగని మేస్త్రీలందరూ మోసగాళ్ళని నేననను. మన పని అయ్యాక ఇంకో పని దొరుకుతుందన్న భరోసా అతనికి వుండదు. అందుకని ఒకేసారి మూడిళ్ళు ఒప్పుకుంటాడు. మనమిచ్చిన అడ్వాన్సుతో పాత ఇంటి కూలీల బాకీ తీరుస్తాడు. మన ఇంటి కూలీలకి ఇవ్వడానికి మరో ఇంటి అడ్వాన్సు రావాలి. పైగా చివర మిగిలేవన్నీ చిల్లర పనులు. టైల్సు మధ్య సందులు పూడ్చాలి, సొరుగులకి పిడులు బిగించాలి, గోడకి రెండో కోటు రంగు వెయ్యాలి. శ్రమ ఎక్కువ, వచ్చేది తక్కువ. అప్పటికే డబ్బంతా అందిపోయి వుంటే, ఎవరైనా కొత్త అడ్వాన్సు ఇచ్చే ఇంటికే వెళతారు.

కాబట్టి గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఒకటే. పని కంటే డబ్బు ముందు నడవకూడదు.

సామాను మనమే కొని, పని మాత్రం 40,000 రూపాయలకి మాట్లాడుకున్నామనుకోండి. మొదలుపెట్టే రోజున 5,000 ఇవ్వండి. గట్టు కట్టి రాయి పరిచాక 15,000, అరలూ తలుపులూ బిగించాక 10,000. చివరి 10,000 మాత్రం పనంతా అయి, కుళాయి తిప్పి చూసి, ప్రతి తలుపూ తీసి వేసి చూశాకే. కొలతలు అతని చేత రాయించుకుని టైల్సు, ప్లైవుడ్, సింకు మీరే కొట్లో కొనండి. బిల్లులు మీ పేరు మీద తీసుకోండి. అప్పుడు అతను రాకపోయినా సామాను మీ ఇంట్లోనే వుంటుంది.

ఇక కాగితం. స్టాంపు పేపరే కావాలని లేదు, తెల్ల కాగితం చాలు. ఏ పని, ఎన్ని అడుగులు, ఏ రకం సామాను, మొత్తం ఎంత, ఏ దశలో ఎంత ఇవ్వాలి, ఏ తేదీకి పూర్తి కావాలి, పగలగొట్టిన చెత్త ఎవరు ఎత్తించాలి, ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకాలు చెయ్యండి. అతని చిరునామా రాయించుకోండి. "నమ్మకం లేదా అమ్మా?" అంటాడు. "నమ్మకం లేక కాదు బాబూ, మరుపు వుండి" అనండి. ఆ కాగితం అతనికీ మంచిదే. పని మధ్యలో "ఆ పక్కన ఇంకో అర కూడా వేసెయ్యి బాబూ" అని ఊరికే చేయించుకునే అలవాటు మనలోనూ కొందరికి వుంది. పెరిగిన పనికి పెరిగిన కూలీ కూడా అదే కాగితం మీద రాస్తే ఎవరికీ అన్యాయం జరగదు. డబ్బు ఫోనులోంచి పంపితే ఆ లెక్క అందులో వుంటుంది. చేతికిస్తే మాత్రం నోటుపుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టించండి.

ఇంత చేసినా వదిలేసి వెళ్ళిపోతే? ముందు అతన్ని మనకి చెప్పిన వాళ్ళ ద్వారా కబురు పెట్టండి. తిట్లకి దిగొద్దు, తిడితే రాకపోవడానికి అతనికి ఒక సాకు దొరుకుతుంది. వచ్చి ఏ రోజుకి ఏం చేస్తాడో చెప్పమనండి. అప్పటికీ రాకపోతే, మరొకరి చేత పని ముట్టించేముందు ఫోటోలు తీసుకోండి. మిగిలిన పనికి ఎంతవుతుందో ఇంకో మేస్త్రీ చేత రాయించుకోండి. తర్వాత పదిహేను రోజుల గడువుతో ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచండి. పూర్వపు రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది.

పోలీసు స్టేషనుకి వెళితే "ఇది సివిల్ విషయమమ్మా" అనవచ్చు. డబ్బు తీసుకుని పని పూర్తిచెయ్యనంత మాత్రాన చీటింగు అవదు. మొదటినుంచీ మోసగించే ఉద్దేశం వుందని చూపించాలి. మనకి దగ్గర దారి జిల్లా వినియోగదారుల కమిషన్. పని మొత్తం ఒప్పుకున్న మనిషి మధ్యలో వదిలెయ్యడం సేవాలోపం కిందికి వస్తుంది. రోజుకూలీ మీద మనం చెప్పినట్టల్లా చేసే మనిషి సంగతి వేరు. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చాక, మనం వుండే జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్ళు. డబ్బు భర్త ఇచ్చినా, ఆయన సమ్మతితో ఆ సేవ పొందే భార్య కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. సలహాకి 1915 నంబరుకి ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకో దారి కూడా వుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకి, వాళ్ళ ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే, కేసు వెయ్యకముందే ఇద్దర్నీ పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే వీలుంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు తీర్పుకున్న విలువే వుంటుంది. చాలామంది మేస్త్రీలు ఆ పిలుపు అందగానే పని ముగించడానికి ఒప్పుకోవచ్చు. మనకి కావలసిందీ అదేగా, అతనికి శిక్ష పడటం కాదు.

ఇవన్నీ తర్వాతి మాటలు. అంతకన్నా ముందు, ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా బేరం జరిగేటప్పుడు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోకండి. అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి. కాగితం మీ చేత్తో రాయండి, కింద మీ సంతకం పెట్టండి. ఆ పని దగ్గరుండి చేయించేది మీరే అయినప్పుడు, "పని అయింది, డబ్బివ్వండి" అనే మాట కూడా మీ నోటినుంచే రావాలి. మేస్త్రీ ఆ మాట కోసం ఎదురుచూస్తాడు. ఎదురుచూసే మనిషి రేపటికి వాయిదా వెయ్యడు.